పుస్తకం దొరికింది సరే, ఈ పలక మీద చదవగలమా?

జిల్లా గ్రంథాలయ సంస్థ కింద ఒక శాఖా గ్రంథాలయంలో 31 ఏళ్ళు పనిచేశాను. పుస్తకం చేతిలోకి రాగానే వెన్ను చూసి ఏ బీరువాలో ఏ అరలో పెట్టాలో చెప్పేసేదాన్ని. తెలుగు సాహిత్యమైతే వర్గసంఖ్య 894.827, ఇంక ఆలోచనే లేదు. అలాంటిదాన్ని, రిటైరయ్యాక ఈ ఆరంగుళాల పలక నన్ను మూడు వారాలు ఏడిపించింది.

పలక అని నేను పెట్టుకున్న పేరు. అసలు పేరు ఈ-రీడర్. మా అమ్మాయి టొరంటో నుంచి సంక్రాంతికి వస్తూ నాకోసం ఒక కోబో తెచ్చింది. మా ఆయన దగ్గర అప్పటికే ఒక కిండిల్ ఉంది, అదీ ఈ-రీడరే, అమెజాన్‌వాళ్ళది. ఆయన చదివేవి ఇంగ్లీషు డిటెక్టివ్ నవలలు. దుకాణంలో నొక్కుతారు, డబ్బు కడతారు, పుస్తకం వచ్చి కూర్చుంటుంది. ఆయనకు ఏ బాధా లేదు. నాకు కావాల్సింది తెలుగు, అందులోనూ పాత తెలుగు. అక్కడే తిప్పలన్నీ మొదలయ్యాయి.

మొదటి వారం మూడు పుస్తకాలు ఎక్కించాను. ఒకటి పాత కథల సంపుటి, పీడీఎఫ్. తెరిస్తే అక్షరాలు చీమల బారులా ఉన్నాయి, పేజీ తిప్పితే నేను ఒక గుక్క కాఫీ తాగేంతసేపు తీసుకుంది. రెండోది ఎవరో పంపిన ఈపబ్, అంటే ఈ-రీడర్ల కోసమే చేసే పుస్తకం ఫైలు. తెరిస్తే ఖాళీ పెట్టెలు, మధ్యలో విరిగిన ఒత్తులు. మూడోది మా ఊరి సాహితీ సంస్థ వాళ్ళ రజతోత్సవ సంచిక. దాన్ని పీడీఎఫ్ నుంచి ఈపబ్‌గా మార్చి చూస్తే తెలుగు మాటే లేదు, పేజీల నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, తలమీద టోపీలు పెట్టుకున్న 'వై'లు. "అమ్మా, ఇది పాడైపోయినట్టుంది" అని ఫోన్ చేస్తే, "పలక పాడవలేదమ్మా, నువ్వు పెట్టిన పుస్తకాలే దానికి అరగలేదు" అంది. చిన్నప్పటి నుంచీ దాన్ని 'అమ్మా' అనే పిలవడం నాకు అలవాటు.

దాని మాటే నిజం. అప్పటి నుంచి నేను నేర్చుకున్నదంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. ఫైలు పేరు చివర ఈపబ్ అని ఉందా, పీడీఎఫ్ అని ఉందా అన్నది తర్వాతి సంగతి. ముందు ఆ ఫైలు కడుపులో ఏముందో చూడాలి. తెలుగు ఫైళ్ళలో మూడు జాతులున్నాయి. కొన్నింటిలో నిజమైన అక్షరాలు ఉంటాయి, అంటే యూనికోడ్. కొన్నింటిలో అక్షరాల ఫొటోలు ఉంటాయి, అంటే స్కాన్. ఇంకొన్నింటిలో వేషం వేసుకున్న అక్షరాలుంటాయి. పైకి తెలుగు, లోపల ఇంగ్లీషు. ఏ జాతో తెలిస్తే ఏం చేయాలో దానంతట అదే తెలుస్తుంది.

తెలుసుకోవడం అర నిమిషం పని. ఫైలును పలకలో పెట్టకముందే కంప్యూటర్‌లో తెరవండి. ఏదైనా ఒక వాక్యం మీద మౌసుతో గీసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు తెలుగులాగే పడిందా, అది అసలు సరుకు. గీస్తే ఏమీ పట్టుబడకపోయినా, పేజీ మొత్తం ఒకే బొమ్మలా నీలంగా మారినా అది ఫొటో. తెలుగు మీద గీసినా నోట్‌ప్యాడ్‌లో చెత్త పడితే అది వేషం. ఈ పరీక్ష చేయకుండా ఇప్పుడు నేను ఒక్క ఫైలు కూడా ఎక్కించను.

కంప్యూటర్ దగ్గర లేకపోతే ఫైలు సైజు చూసినా చాలావరకు తెలిసిపోతుంది. యూనికోడ్ తెలుగులో ఒక్కో అక్షరం గుర్తు, ఒక్కో గుణింతం గుర్తు ఫైల్లో మామూలుగా మూడేసి బైట్లు తీసుకుంటాయి. అయినా ఈపబ్ అన్నది ముడుచుకున్న మూట కాబట్టి, 300 పేజీల నవల నిజమైన అక్షరాలతో ఉంటే మామూలుగా ఒక ఎంబీ కూడా దాటదు. అట్టబొమ్మ, ఫాంటు కలిపితే ఇంకాస్త పెరుగుతుంది. అదే నవల 40 ఎంబీ ఉందంటే లోపల ఉన్నవి ఫొటోలే. ఫొటోలను ఈపబ్‌లో చుట్టి ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు, పేరు చూసి మురిసిపోకండి.

అసలు సరుకు ఎక్కడ దొరుకుతుంది

తెలుగు వికీసోర్స్‌తో మొదలుపెట్టండి. నేను ఎవరికైనా చెప్పే మొదటి చోటు అదే. అక్కడ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు పాత పుస్తకం స్కాన్‌ను ఒక పక్క, టైపు చేసిన పాఠాన్ని ఇంకో పక్క పెట్టుకుని పేజీ పేజీ దిద్దుతారు. మా లైబ్రరీలో బైండింగ్ చేయించేవాళ్ళను చూశాను గానీ, ఇంత ఓపికను నేను చూడలేదు. పుస్తకం పేజీలో డౌన్‌లోడ్ నొక్కితే ఈపబ్, పీడీఎఫ్, మోబీ రూపాల్లో దించుకోవచ్చు. కోబోకైనా కిండిల్‌కైనా ఈపబ్ తీసుకోండి.

దించేముందు ఒక్కటి గమనించండి. వికీసోర్స్‌లో ప్రతి పుస్తకానికి ఒక సూచిక పేజీ ఉంటుంది, అందులో పేజీ నంబర్లు రంగు రంగుల్లో కనిపిస్తాయి. ఆకుపచ్చ అంటే ఇద్దరు సరిచూశారు. పసుపు అంటే ఒకరు దిద్దారు. ఎరుపు అంటే యంత్రం చదివింది అలాగే పడి ఉంది, ఇంకా మనిషి చెయ్యి పడలేదు. ఎరుపు ఎక్కువున్న పుస్తకాన్ని దించుకుంటే 'ఘ' బదులు 'ఫు', 'మ' బదులు 'వు' లాంటివి కంట్లో ఇసుకలా గుచ్చుకుంటాయి. పసుపూ ఆకుపచ్చా నిండిన పుస్తకం తీసుకోండి, హాయిగా చదవొచ్చు. ఎరుపు పుస్తకమే కావాలనిపిస్తే ఒక ఖాతా తెరిచి నాలుగు పేజీలు దిద్దండి. నేను రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు పేజీలు దిద్దుతాను. ఇది సలహా కాదు, గొప్పలు చెప్పుకోవడం.

ఏ రచయితలు దొరుకుతారన్నది కాపీరైటును బట్టి ఉంటుంది. మన దేశంలో లెక్క సులువే. రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్ళు. గురజాడ 1915లో, కందుకూరి 1919లో, చిలకమర్తి 1946లో పోయారు, కాబట్టి వాళ్ళవి ఎప్పుడో అందరి ఆస్తి అయిపోయాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో పోయారు, ఆయన పుస్తకాలు 2019 జనవరి నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు, ఆయనవి 2022 నుంచి. శ్రీశ్రీ పోయింది 1983లో, అంటే 2044 దాకా ఆగాలి. అప్పటికి నేనుండను గాని మా మనవరాలు చదువుకుంటుంది. అనువాదమైతే మూల రచయిత ఎప్పుడు పోయారన్నది ఒక్కటే చాలదు, అనువాదకులు ఎప్పుడు పోయారో కూడా చూడాలి. విదేశాల్లో ఉండేవాళ్ళకు అక్కడి లెక్క వేరు. మా అమ్మాయి ఉండే కెనడాలో 50 ఏళ్ళు ఉండేదాన్ని 2022 చివర్లో 70కి పెంచారు.

మరి బతికున్న రచయితల పుస్తకాలు? వాట్సాప్ గ్రూపుల్లో పీడీఎఫ్‌లు తెగ తిరుగుతుంటాయి. మా పాత పాఠకుడు ఒకాయన నాకు ఒకేసారి 200 పుస్తకాలున్న లింకు పంపించి "తీసుకోండి మేడం, మీకోసమే" అన్నాడు. లైబ్రరీలో పుస్తకం ఇంటికి తీసుకెళ్ళి తిరిగివ్వని మనిషే ఆయన. నేను తెరవలేదు. మంచితనం గురించి కాదు, సరుకు గురించి చెబుతున్నాను. అలా తిరిగేవాటిలో చాలావరకు ఎవరో ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటోలు. మధ్యలో బొటనవేళ్ళు కూడా ఉంటాయి. పలక మీద అవి చదవడం కంటే ఆ పుస్తకం కొనుక్కోవడం కళ్ళకు చవక.

కొనేటప్పుడు చూడాల్సింది

దుకాణంలో తెలుగు ఈబుక్ కనపడగానే కొనేయకండి. ముందు ఉచిత నమూనా దించి మీ పలక మీదే తెరవండి, ఫోన్‌లో కాదు. ఫోన్‌లో అన్నీ బాగానే కనిపిస్తాయి. నమూనాలో అక్షరాల సైజు పెంచి చూడండి. సైజు పెరిగి వాక్యాలు కిందికి సర్దుకుంటే కొనొచ్చు. మొత్తం పేజీయే పెద్దదై అటూ ఇటూ జరపాల్సి వస్తే అది అచ్చుపేజీ ఫొటో అన్నమాట. కిండిల్ దుకాణంలో అలాంటి కొన్నింటికి వివరాల్లో 'ప్రింట్ రెప్లికా' అని రాసి ఉంటుంది.

కిండిల్ దుకాణంలో తెలుగు ఎందుకింత తక్కువగా ఉంటుందని మా చెల్లెలు అడిగింది. అమెజాన్ 2016లో భారతీయ భాషల పుస్తకాలు అంటూ మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఐదింటినే తీసుకుంది. అందులో తెలుగు లేదు. తమిళుల అరలు నిండుగా ఉంటాయి, మన అర వెలితిగా ఉంటుంది. అందుకే తెలుగువాళ్ళకు దుకాణం కంటే బయటి దారులే ముఖ్యం.

ఇంకో సంగతి తాళాలు. తాళం వేసినదైతే, కిండిల్ దుకాణంలో కొన్నది కోబోలో తెరుచుకోదు, కోబోలో కొన్నది కిండిల్‌లో తెరుచుకోదు. కొన్ని దుకాణాలవాళ్ళు అడోబీ తాళం వేసి ఇస్తారు. అది కోబోలో తెరుచుకుంటుంది, కానీ కంప్యూటర్‌లో అడోబీ డిజిటల్ ఎడిషన్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని దాని ద్వారా ఎక్కించాలి. కిండిల్‌లో తెరుచుకోదు. కొన్ని తెలుగు దుకాణాలు తమ ఫోన్ యాప్‌లో తప్ప ఎక్కడా చదవనివ్వవు. డబ్బు కట్టేముందు "ఫైలు దించుకోవచ్చా, ఏ రూపంలో ఇస్తారు" అని అడగండి. జవాబు సూటిగా రాకపోతే నేనైతే అచ్చు పుస్తకమే తెప్పించుకుంటాను.

కిండిల్‌కు, కోబోకు ఎక్కించే తీరు వేరు

కోబోకు సులువు. వైరు పెట్టండి, ఈపబ్ కాపీ చేయండి, వైరు తీయండి. అంతే.

కిండిల్‌లో అలా ఈపబ్ కాపీ చేస్తే పుస్తకాల వరుసలో కనపడదు. మా ఆయన దగ్గర ఈ తెలివి లేక రెండు రోజులు "నీ తెలుగు పుస్తకాలు నా కిండిల్‌కు నచ్చడం లేదు" అని వెక్కిరించారు. దానికి 'సెండ్ టు కిండిల్' అనే దారిలో పంపాలి. ఈపబ్‌ను ఆ దారిలో తీసుకోవడం 2022లో మొదలైంది. ఈమెయిల్‌లో అయితే 50 ఎంబీ వరకు, వెబ్ పేజీ నుంచి అయితే 200 ఎంబీ వరకు. పంపింది వెనక్కి తిరిగొస్తే ముందు పుస్తకం వివరాల్లో 'భాష' అనే గడి చూడండి. అక్కడ తెలుగు అని ఉంటే ఇంగ్లీషు అని మార్చి మళ్ళీ పంపి చూడండి. కిండిల్ ప్రచురణకు ఒప్పుకునే భాషల జాబితాలో తెలుగు లేదు కాబట్టి ఇది ప్రయత్నించదగ్గ చిట్కా. సొంత భాష పేరు దాచుకుని వెళ్ళాల్సి రావడం నాకు మాత్రం చివుక్కుమనిపిస్తుంది.

ఈ గడి మార్చడానికీ, ఇంకా చాలా పనులకీ క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. దీన్ని కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టారు. లైబ్రేరియన్‌గా చెబుతున్నాను, నా ఉద్యోగంలో ఇది ఉండుంటే సగం రిజిస్టర్లు రాయక్కర్లేకపోయేది. కానీ ఒక చాదస్తం చెప్పాలి. క్యాలిబర్ ఇంగ్లీషువాళ్ళ లెక్కలో పేరులోని చివరి మాట ఇంటిపేరు అనుకుంటుంది. గురజాడ అప్పారావు అని రాస్తే వరుసలో 'అప్పారావు, గురజాడ' అని పెట్టేస్తుంది. మన ఇంటిపేరు ముందుంటుంది కదా. ప్రిఫరెన్సెస్‌లో ట్వీక్స్ అనే చోటికి వెళ్ళి, రచయిత పేరు వరుసను 'కాపీ'కి మార్చండి. పుస్తకాలు చేర్చడానికి ముందే చేయండి. నేను 140 పుస్తకాలు చేర్చాక కనుక్కున్నాను.

ఒత్తుల పరీక్ష

అసలు సరుకు దొరికింది, ఎక్కింది, అయినా పెట్టెలు కనిపించవచ్చు, ఒత్తులు విరగవచ్చు. ఇది పుస్తకం తప్పు కాదు. తెలుగులో ఒత్తు అక్షరం కిందికో పక్కకో వెళ్ళి కూర్చోవాలి. ఆ కూర్చోబెట్టే పని పలకలోని సాఫ్ట్‌వేర్, ఫాంటు రెండూ కలిసి చేయాలి. ఏ ఒక్కటి చేతకానిదైనా 'స్త్రీ' కాస్తా 'స్‌త్‌రీ' అయి కూర్చుంటుంది.

నేనో చిన్న పరీక్ష ఫైలు చేసుకున్నాను. అందులో పది మాటలే. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న, ఊర్ధ్వం, సంస్కృతం, అర్ఘ్యం, తృష్ణ, వైశిష్ట్యం, దుఃఖం. కొత్త పలకైనా, కొత్త ఫాంటైనా ముందు దీన్ని తెరుస్తాను. పదీ సరిగ్గా పడితే ఏ పుస్తకమైనా పడుతుంది. 'జ్యోత్స్న' దగ్గరే ఎక్కువ ఫాంట్లు బోల్తా పడతాయి.

ఫాంటు పెట్టడం కష్టం కాదు. కోబోను గానీ కిండిల్‌ను గానీ వైరుతో కలిపితే ఒక డ్రైవ్‌లా కనపడుతుంది. కోబోలో పై అంతస్తులోనే ఇంగ్లీషులో 'ఫాంట్స్' అనే పేరుతో, అన్నీ చిన్న అక్షరాల్లో, ఒక ఫోల్డర్ చేసి ఫాంటు ఫైళ్ళు అందులో వేయండి. కిండిల్‌లో ఆ పేరుతో ఫోల్డర్ ఉంటే అందులో వేయండి, లేకపోతే చేయండి. తర్వాత పుస్తకం తెరిచి అక్షరాల మెనూలో దాన్ని ఎంచుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, ఎన్‌టీఆర్, సురన్న, రామభద్ర, నోటో సెరిఫ్ తెలుగు అన్నీ ఉచితం. వీటిలో రామభద్ర లాంటి బండ ఫాంట్లు శీర్షికలకు తప్ప చదవడానికి పనికిరావు. నేను మండలి దగ్గర ఆగాను. అక్షరం గుండ్రంగా, గీత మరీ సన్నంగా లేకుండా ఉంటుంది. సన్నగీతల ఫాంట్లు కంప్యూటర్‌లో అందంగా ఉంటాయిగాని ఈ బూడిదరంగు తెర మీద వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. వరుసల మధ్య ఎడం మాత్రం ఒక మెట్టు పెంచుకోండి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడంలో మన ఒత్తులు కింది వరుస గుడిదీర్ఘాలతో కొట్టుకుంటాయి.

ఫాంటు పెట్టినా ఒత్తులు విరిగితే కోబోవాళ్ళకు ఇంకో దారి ఉంది. కోబో మామూలు ఈపబ్‌ను ఒక యంత్రాంగంతో, తన సొంత ఫైలు రూపమైన కేపబ్‌ను మరో యంత్రాంగంతో చూపిస్తుంది. ఒకదాంట్లో విరిగింది ఇంకోదాంట్లో నిలబడవచ్చు. కొత్త క్యాలిబర్ ఈపబ్‌ను కేపబ్‌గా మార్చిపెడుతుంది. అదీ కుదరకపోతే కోరీడర్. ఇది ఉచితంగా దొరికే చదివే సాఫ్ట్‌వేర్. కోబోలో దేన్నీ పగలగొట్టకుండా పక్కన పెట్టుకోవచ్చు. తెలుగు లాంటి లిపుల్లో ఒత్తులను కూర్చోబెట్టే సరైన సరంజామా దాంట్లో ఉంది. కిండిల్‌లో పెట్టాలంటే మాత్రం జైల్‌బ్రేక్ చేయాలి, అంటే కంపెనీ పెట్టిన కట్టడిని తప్పించాలి. మా ఆయన కిండిల్ మీద ఆ ప్రయోగానికి నాకు అనుమతి దొరకలేదు.

ఫొటో పుస్తకాలతో ఎలా వేగాలి

తెలుగువాళ్ళకు దొరికే పాత పుస్తకాల్లో ఎక్కువ ఇవే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన వేలాది తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి. వెతికేటప్పుడు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి వెతకండి. ఇంగ్లీషులో కూడా రెండు మూడు స్పెల్లింగులు మార్చి చూడండి, 'శ'కు ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాస్తారు. మా కేటలాగ్ కార్డుల్లోనూ ఇదే గొడవ.

అక్కడ డౌన్‌లోడ్ వరుసలో ఈపబ్ కూడా కనిపిస్తుంది. ఆశపడకండి. అది స్కాన్‌ను యంత్రం తనంతట తాను చదివి చేసింది, మనిషి దిద్దింది కాదు. మసకబారిన పాత తెలుగు అచ్చు మీద ఆ చదువు ఎక్కువసార్లు పనికిరాదు. పీడీఎఫ్ తీసుకోండి.

ఇప్పుడు స్కేలు తీయండి. ఆరంగుళాల పలక అంటే మూల నుంచి మూలకు ఆరు. వెడల్పు సుమారు 3.6 అంగుళాలు, పొడవు సుమారు 4.8. పాత తెలుగు పుస్తకాలు ఎక్కువగా క్రౌన్ సైజు లేదా డెమ్మీ సైజు. నా బీరువాలోంచి ఒక్కోటి తీసి కొలిచాను. డెమ్మీ పుస్తకంలో అంచులు వదిలేస్తే అచ్చు ఉన్న భాగం నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఏడంగుళాల పొడవు. దాన్ని నిలువు తెరలో కుదిస్తే అక్షరం 69 శాతానికి పడిపోతుంది. చీమల బారు రహస్యం ఇదే. క్రౌన్ పుస్తకంలో అచ్చు పొడవు ఆరంగుళాలు, అక్కడ 80 శాతం. అది కళ్ళు బాగున్నవాళ్ళకు పర్వాలేదు.

ఇక పలకను అడ్డంగా తిప్పండి. ఇప్పుడు వెడల్పు 4.8. డెమ్మీ అచ్చు వెడల్పు నాలుగుంపావే కాబట్టి అక్షరం అచ్చు పుస్తకంలోకంటే పెద్దదిగా కనిపిస్తుంది, 113 శాతం. ఒక్కో పేజీని రెండు మూడు ముక్కలుగా చదవాలి, అంతే. ఈ ఒక్క పని చేశాక నేను ఫొటో పుస్తకాలను తిట్టడం మానేశాను. కానీ ఈ లెక్క కుదరాలంటే అంచులు కత్తిరించాలి. స్కాన్‌లో పుస్తకం చుట్టూ ఉన్న తెల్ల అంచు, ఒక్కోసారి బల్ల కూడా వచ్చేస్తుంది. కోరీడర్‌లో అంచులను అదే కత్తిరించుకునే ఏర్పాటు ఉంది. నలుపు పెంచే ఏర్పాటు కూడా ఉంది, పసుపెక్కిన కాగితం స్కాన్లకు అది మందు. కిండిల్‌లోనూ పీడీఎఫ్ తెరిచినప్పుడు కాంట్రాస్ట్ పెంచుకోవచ్చు, తెర అడ్డంగా తిప్పుకోవచ్చు.

కోరీడర్‌లో ఇంకో గారడీ ఉంది. ఫొటోలోని మాటలను ముక్కలుగా కోసి, పెద్దవి చేసి, తెర వెడల్పుకు తగ్గట్టు మళ్ళీ పేరుస్తుంది. అది అక్షరాలను చదవదు, మాటల మధ్య ఖాళీలను మాత్రమే చూస్తుంది, కాబట్టి ఏ భాషైనా ఒకటే. వచనానికి బాగుంటుంది. పద్యానికి వద్దు. సీసపద్యాన్ని పాదాలు తప్పించి పేరిస్తే చూడలేం. పద్యాలకు స్కాన్ పేజీని అడ్డంగా పెట్టుకుని ఉన్నదున్నట్టు చదవడమే మేలు.

వేషం వేసిన అక్షరాలు

మా సాహితీ సంస్థ సంచికకు పట్టిన జబ్బు ఇది. డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే పేరున్న ఫాంట్లతోనే తెలుగు పుస్తకాలు కూర్చారు. ఆ ఫాంటు చేసేదేమిటంటే, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు గీసి చూపిస్తుంది. కాగితం మీద అచ్చేస్తే చక్కటి తెలుగు. ఫాంటు తీసేస్తే లోపలి ఇంగ్లీషు చెత్త బయటపడుతుంది. క్యాలిబర్‌తో ఈపబ్‌గా మార్చినప్పుడు జరిగేది అదే.

కాబట్టి వీటిని ఎప్పుడూ మార్చకండి, పీడీఎఫ్‌గానే ఉంచండి. ఇవి స్కాన్లు కావు, గీతలు పదునుగా ఉంటాయి, అడ్డంగా తిప్పి చదివితే స్కాన్లకంటే ఎంతో హాయి. రచయిత మీకు తెలిసినవాళ్ళైతే మూల ఫైలు అడగండి. 'అను' నుంచి యూనికోడ్‌కు మార్చే పనిముట్లున్నాయి. మారాక తప్పులు దిద్దుకోవాల్సి ఉంటుంది, ముఖ్యంగా ఒత్తుల దగ్గర. మా సంచిక కూర్చిన డీటీపీ అబ్బాయిని పట్టుకుని ఆ ఫైలు తెప్పించాను. నా వ్యాసం నాలుగు పేజీలు దిద్దడానికి ఒక పూట పట్టింది. మిగతా 92 పేజీలు అలాగే పీడీఎఫ్‌లో ఉన్నాయి, ఉండనీ.

పలకకు తేకూడనివి కూడా కొన్నున్నాయి. రంగుబొమ్మల పిల్లల పత్రికలు, పటాలున్న చరిత్ర పుస్తకాలు, రెండు మూడు వరుసల్లో అచ్చయిన నిఘంటువులు. ఇవన్నీ అమ్మాయి పాత ట్యాబ్‌లో పెట్టుకున్నాను.

నిన్న రాత్రి మా ఆయన తన డిటెక్టివ్ నవల అయిపోగొట్టి "నీ దాంట్లో ఏమన్నా ఉంటే నాకూ పంపరాదూ" అన్నారు. పసుపూ ఆకుపచ్చా నిండిన ఒక కథల సంపుటి చూసి, భాష గడిలో ఇంగ్లీషు అని పెట్టి పంపాను. ఇంకా మొదటి కథలోనే ఉన్నారు. ఒత్తులు మాత్రం సరిగ్గానే పడ్డాయట.